బుడుంగి ఆకు వచ్చింది!

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో గవ్వల వాగు అని ఒక వాగు. అది పై కొండ మీద పుట్టి, రెండు గుట్టల మధ్య ఇరుకు సందులోంచి దూరి, కింది లోయలోకి గలగలా దూకేది. పైన ఉన్నవాళ్లూ ఆ నీళ్లే తాగేవారు. కింద ఉన్నవాళ్లూ ఆ నీళ్లే తాగేవారు. ఎవరికీ ఏ గొడవా లేదు.

ఒక ఏడాది వానాకాలం చివర్లో పెద్ద గాలివాన వచ్చింది. ఉరుములు! మెరుపులు! గుట్ట అంచు విరిగింది. ధడ ధడ ధడమని బండరాళ్లు దొర్లుకుంటూ వచ్చి ఆ ఇరుకు సందులో పడ్డాయి. రాళ్ల మీద మట్టి పడింది. మట్టి మీద చెట్లు పడ్డాయి. అంతే, వాగు ఆగిపోయింది!

ఇక చూడండి పిల్లలూ, పైన నీళ్లు పరుచుకుని పరుచుకుని పెద్ద మడుగైంది. కింద వాగు ఎండి ఎండి ఇసుక తేలింది.

పైన, మడుగు ఒడ్డున, బుడుంగి అనే నీటికుక్క ఉండేది. నీటికుక్క అంటే నీళ్లలో ఈదుతూ చేపలు పట్టుకుని బతికే జంతువు. ఈ బుడుంగి ఒక్కచోట నిలవదు. ఇక్కడ బుడుంగున మునుగుతుంది, అక్కడెక్కడో తేలుతుంది. అందుకే దానికి ఆ పేరు. ఆ మధ్యనే దానికి మూడు పిల్లలు పుట్టాయి. ఒడ్డున ఉన్న బొరియలో ఇంకా కళ్లు కూడా తెరవలేదు.

"చూశావా వదినా! ఎన్ని నీళ్లు! ఎన్ని చేపలు! నా పిల్లలు ఎంత అదృష్టవంతులో!" అని బుడుంగి రోజూ సంబరపడేది.

"అదృష్టమే మరి!" అనేది పక్క బొరియలో ఉండే వదిన తుంపర.

కింద, లోయలో, చుక్కి అనే దుప్పి ఉండేది. దానికీ ఒక పిల్ల ఉంది. ఆ పిల్లకు నీళ్ల కోసం చుక్కి రోజూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు తిరిగేది. ఎండలు ముదిరేకొద్దీ గుంటలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి.

ఆ బండరాళ్లను కదిలించగల బలం అడవిలో ఒక్కరికే ఉంది. కొండమ్మ అనే ఏనుగుకు. అడవిలో పెద్దది కూడా అదే. అందరూ దాన్ని పెద్దమ్మా అని పిలిచేవారు. ఏ తగువు వచ్చినా కొండమ్మ చెప్పిందే తీర్పు.

ముందుగా కొండమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది గొంతయ్య అనే నక్క. గొంతయ్యకు మడుగు ఒడ్డున బురదలో చేపలు ఉత్తినే దొరుకుతున్నాయి మరి!

"పెద్దమ్మా, పెద్దమ్మా! ఆ రాళ్లు అడవితల్లి తన చేత్తో పెట్టినవి. కదిపితే అరిష్టం!" అన్నాడు గొంతయ్య.

కొండమ్మ తల ఊపింది. "అలాగా! అయితే వాటి జోలికి పోను" అంది.

కింద లోయలో గుంటలు మరికొన్ని ఎండిపోయాయి.

తర్వాత చుక్కి వచ్చింది. గుట్ట ఎక్కి, రొప్పుతూ, ఏడుస్తూ వచ్చింది.

"పెద్దమ్మా, నా పిల్ల లేచి నిలబడలేకపోతోంది. నీళ్లు లేవు. నీకు పుణ్యముంటుంది, ఆ రాళ్లు తీసెయ్యి!"

కొండమ్మ మనసు కరిగిపోయింది. ఇంకెవర్నీ అడగలేదు. గబగబా వెళ్లి నెత్తితో ఒక బండను తోసింది. బుస్సు! బండ వెనక నుంచి నీళ్లు కోడెతాచులా పైకి లేచాయి. కింద ఒడ్డున కుందేళ్ల బొరియలు కొట్టుకుపోయాయి. పాపం, కుందేళ్లు పిల్లల్ని నోట కరుచుకుని ఎలాగో గట్టెక్కాయి. పైనేమో నీళ్లు ఒక్కసారిగా లాగేసరికి బుడుంగి పిల్లలు మూడూ బొరియలోంచి జారి మడుగులో పడ్డాయి. బుడుంగి కెవ్వుమని దూకింది. ఒకదాన్ని, ఇంకొకదాన్ని, ఇంకొకదాన్ని మెడ పట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది.

కొండమ్మ హడలిపోయింది. బండను మళ్లీ సందులోకి నెట్టేసింది. కిందికి పోయిన నీళ్లు పోయినట్టే ఇసుకలో ఇంకిపోయాయి.

"అయ్యో! ఒకరి మాట వింటే కింద ఎండిపోయింది. ఇంకొకరి మాట వింటే అందరూ కొట్టుకుపోబోయారు. ఇక అందర్నీ పిలుస్తాను. అందర్నీ అడుగుతాను!" అంది.

మర్నాడు అడవి అంతా సభకు వచ్చింది. పై వైపు వాళ్లు ఒక పక్క, కింది వైపు వాళ్లు ఒక పక్క. కొండమ్మ "మాట్లాడండి" అన్నదో లేదో, నల్లన్న అనే అడవిదున్న రంకె వేశాడు. గొంతయ్య ఊళ పెట్టాడు. నెమళ్లు కేకలు వేశాయి. కోతులు కొమ్మలు ఊపాయి. ఇంత గొడవలో ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? గొంతు పెద్దవాళ్లదే సభ అయిపోయింది. బొరియలు పోయిన కుందేళ్లు నోరు విప్పకుండానే ఇంటికి వెళ్లిపోయాయి. కాదు కాదు, వాటికి ఇల్లు కూడా లేదు కదా! పొదల్లోకి వెళ్లిపోయాయి.

కొండమ్మ చెవులు వాల్చేసి కూర్చుండిపోయింది. అప్పుడు కొమ్మ మీంచి ఒక ముసలి గోరువంక దిగి వచ్చింది.

"పెద్దమ్మా, ఒక మాట చెప్పనా? అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరూ ఆలోచించలేరు. కొందరే మాట్లాడాలి. ఆ కొందరు ఎవరో నువ్వు చెప్పొద్దు, బలమున్నవాళ్లు చెప్పొద్దు. చీటీ చెప్పాలి."

"చీటీయా? మనకు రాత రాదే!" అంది కొండమ్మ.

"కాలు ఉంది కదా! ప్రతి ఒక్కరూ ఒక మోదుగాకు తేవాలి. బురదలో కాలు పెట్టి ఆకు మీద అచ్చు వెయ్యాలి. పై వైపు ఆకులు ఒక తొర్రలో, కింది వైపు ఆకులు ఇంకో తొర్రలో. నువ్వు కళ్లు మూసుకుని అందులోంచి మూడు, ఇందులోంచి మూడు తియ్యి. ఎవరి ఆకు వస్తే వాళ్లు."

అబ్బో! ఇక అడవిలో సందడే సందడి! అందరూ ఆకుల కోసం పరుగులు. బురద కోసం తోపులాట. పాములకు కాళ్లు లేవు కదా, అవి ఆకు మీద జర్రున పాకి గీత గీశాయి. గొంతయ్య గుట్టుగా రెండు ఆకులు వేయబోయాడు. గోరువంక చూసి ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. "ఒకరికి ఒక్కటే!" అని ఒక ఆకు లాగేసుకుంది. అందరూ పకపకా నవ్వారు.

కొండమ్మ కళ్లు మూసుకుంది. తొండం ముందు పై వైపు తొర్రలో పెట్టింది. అడవి అంతా ఊపిరి బిగపట్టింది.

మొదటి ఆకు! గిట్టల అచ్చు. దున్న నల్లన్న!

రెండో ఆకు! వేళ్ల మధ్య చర్మం ఉన్న చిన్న అచ్చు. బాతు!

మూడో ఆకు! అదీ వేళ్ల మధ్య చర్మం ఉన్నదే. కానీ వేళ్లు అయిదు.

"బుడుంగి ఆకు వచ్చింది!" అని అరిచింది తుంపర.

"నాదే! నాదే!" అని బుడుంగి తన తోక చుట్టూ తానే తిరిగేసింది.

కింది వైపు నుంచి దుప్పి చుక్కి ఆకు వచ్చింది. ఒక నెమలి ఆకు వచ్చింది. చివరికి అలుగు ఆకు వచ్చింది. అలుగును చూశారా ఎప్పుడైనా? ఒంటి నిండా పొలుసులు ఉంటాయి. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. తన పేరు వినగానే అది అక్కడే బంతి అయిపోయింది.

"వీళ్లా మనకు దారి చూపేది? ఒకటి గెంతుతుంది, ఒకటి ముడుచుకుంటుంది!" అని వెక్కిరించాడు గొంతయ్య.

"నీళ్లు తాగే నోరు ఏదైనా నీళ్ల గురించి మాట్లాడొచ్చు" అంది కొండమ్మ. తర్వాత ఆ ఆరుగురి వైపు తిరిగింది. "ముందు రెండు వైపులా చూడండి. తర్వాత అందరి మాటా వినండి. ఆ తర్వాతే మీలో మీరు మాట్లాడుకోండి. మీరు ఆరుగురూ ఒప్పుకున్నదే చేద్దాం. నా బలం మీ మాటకు అప్పగిస్తున్నాను."

ఆ సాయంత్రం గొంతయ్య, తుంపర, మడుగు వాళ్లందరూ బుడుంగి బొరియ ముందు చేరారు.

"ఒక్క చుక్క కూడా కిందికి వదలనని మాటివ్వు!" అన్నాడు గొంతయ్య.

"ఒక్క చుక్క కూడా వదలను!" అని గుండె చరుచుకుంది బుడుంగి. మడుగులో పడ్డ తన పిల్లలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

తెల్లారింది. ఆరుగురూ కిందికి దిగారు. బుడుంగి పుట్టి బుద్ధెరిగాక ఆ సందు దాటి కిందికి ఎప్పుడూ వెళ్లలేదు. మొదట్లో గెంతుతూ నడిచింది. కాసేపటికి గెంతడం మానేసింది. గులకరాళ్లు పెనంలా కాలుతున్నాయి. ఎటు చూసినా వాగు లేదు, వాగు ఉండిన గుర్తు మాత్రం ఉంది. ఎండిపోయిన నాచు రాళ్లకు అట్టలా అంటుకుని ఉంది.

ఒక మలుపు తిరిగితే ఒక చిన్న గుంట. దాని చుట్టూ పిట్టలు, కుందేళ్లు, ముంగిసలు. ఎవరూ తోసుకోవడం లేదు. తోసుకునే ఓపిక కూడా ఎవరికీ లేదు. గుంట పక్కన చుక్కి పిల్ల పడుకుని తడి మట్టిని నాకుతోంది.

అది తల ఎత్తి బుడుంగిని వాసన చూసింది.

"పిన్నీ, నీ ఒంటి మీద నీళ్ల వాసన వస్తోంది. నీళ్లు ఎక్కడున్నాయి?" అని అడిగింది.

బుడుంగి దాని దగ్గరికి జరిగింది. మెల్లగా దాని పక్కన కూర్చుంది. ఒంటి బొచ్చులో ఇంకా కొంచెం తడి ఉంది. ఆ పిల్ల దాన్నే నాకింది.

మర్నాడు ఆరుగురూ పైకి ఎక్కారు. ఈసారి చూడటం చుక్కి వంతు. మడుగును చూడగానే చుక్కికి ఒళ్లు మండింది. "ఇన్ని నీళ్లా! ఇవన్నీ దాచుకుని మమ్మల్ని ఎండబెట్టారా! మొత్తం పగలగొట్టాల్సిందే!" అంది.

 బుడుంగి దాన్ని తన బొరియ దగ్గరికి తీసుకెళ్లింది. లోపల మూడు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

"ఆ రోజు బండ కదిలినప్పుడు ఇవి మడుగులో పడ్డాయి" అని మాత్రం చెప్పింది.

చుక్కి తల వంచి ఆ పిల్లల్ని చూసింది. "నేను నీళ్లు అడిగాను గానీ, ఇది అడగలేదు తల్లీ" అంది.

ఆ తర్వాత ఎవరు వచ్చినా ఆరుగురూ కూర్చుని విన్నారు. ఇల్లు పోయిన కుందేళ్లు వచ్చి, ఆ రోజు పారిపోయిన సంగతి వణుకుతూ చెప్పాయి. గొంతయ్య కూడా వచ్చి అరిష్టం సంగతి చెప్పాడు. "ఏం అరిష్టం? ఎవరికి?" అని నెమలి అడిగితే "అరిష్టమంటే అరిష్టమే!" అని జారుకున్నాడు.

అందరూ వెళ్లాక ఆరుగురే మిగిలారు.

"రాళ్లు అలాగే ఉంచుదాం" అన్నాడు నల్లన్న. చుక్కి పిల్ల గుర్తొచ్చి తనే తల అడ్డంగా ఊపాడు.

"రాళ్లన్నీ తీసేద్దాం" అంది నెమలి. కుందేళ్లు గుర్తొచ్చి తనే తోక ముడుచుకుంది.

 అప్పుడు బంతిలా ఉన్న అలుగు కొంచెం విప్పుకుంది. ముక్కు ఒక్కటే బయట పెట్టింది.

"రాళ్ల జోలికి వెళ్లకుండా... పక్కన మట్టి కట్టలో చిన్న కాలవ తవ్వితే?"

"మట్టి కోసుకుపోతే? మళ్లీ వరదే కదా!" అంది చుక్కి.

"కోసుకుపోకుండా నేను రాళ్లు తెచ్చి పరుస్తాను!" అని ఎగిరి నిలబడ్డాడు నల్లన్న.

"లోతుగా తవ్వకండి! మడుగులో సగం నీళ్లు ఉండాలి. మా గుడ్లు రెల్లులో ఉన్నాయి" అంది బాతు.

"అయితే ఎంత లోతు తవ్వాలో నువ్వే గుర్తు పెట్టు" అంది నెమలి.

ఒకరి మాట పట్టుకుని ఇంకొకరు, ఇంకొకరి మాట పట్టుకుని వేరొకరు! ఆరుగురికీ ఒకటే హుషారు! ఊళ్లో చెరువు నిండితే మిగులు నీళ్లు పోవడానికి ఒక దారి ఉంటుంది చూడండి, సరిగ్గా అలాంటిదే తయారైంది వాళ్ల మాటల్లో. ఆ దారినీ మన ఊళ్లో అలుగు అనే అంటారు, తెలుసా!

కానీ ఒక చిక్కు ఉంది. మడుగు కొంత తగ్గుతుంది. తగ్గితే బుడుంగి బొరియ నీళ్లకు దూరమై ఎండలో పడుతుంది. చేపలూ తగ్గుతాయి. అయిదుగురు సరే అన్నారు. ఆరోవాళ్ల కోసం ఆగారు. అందరూ బుడుంగి వైపు చూశారు.

బుడుంగి లెక్క వేసుకుంది. కాదంటే ఇల్లు ఉంటుంది, చేపలు ఉంటాయి, వదిన మెచ్చుకుంటుంది. ఔనంటే ఇచ్చిన మాట పోతుంది.

"మా వాళ్లకు మాటిచ్చాను, ఒక్క చుక్క వదలనని" అంది.  "కానీ ఆ మాట ఇచ్చేటప్పటికి నేను ఆ గుంట చూడలేదు. ఇప్పుడు చూశాను. చూశాక చూడనట్టు ఉండలేను. సరే, తవ్వుదాం!"

ఆరుగురూ సభ ముందుకొచ్చారు. ఏం చూశారో, ఏం విన్నారో, ఎందుకు ఇలా అనుకున్నారో అందరికీ చెప్పారు. మడుగు వాళ్లకు చెప్పే వంతు బుడుంగిదే.

"మాట తప్పింది! మనల్ని అమ్మేసింది!" అని గొంతయ్య ఎగిరెగిరి అరిచాడు.

"ఎంత పని చేశావే! సొంత పిల్లల ఇల్లు పోతుందని కూడా చూడలేదా?" అని తుంపర మొహం తిప్పేసుకుంది.

బుడుంగికి ఏడుపొచ్చింది. కానీ అరవలేదు. "వదినా, నన్ను నమ్మొద్దు. నాతో ఒక్కసారి కిందికి రా. చూశాక కూడా వద్దనిపిస్తే, నువ్వు ఏం తిట్టినా పడతాను" అంది.

తుంపర రుసరుసలాడుతూనే వెళ్లింది. ఎంతసేపటికో తిరిగొచ్చింది.  నేరుగా మట్టి కట్ట దగ్గరికి వెళ్లి తవ్వడం మొదలుపెట్టింది!

అంతే! అడవి అంతా కదిలింది. అలుగు తన పెద్ద గోళ్లతో బరబరా తవ్వింది. అడవి పందులు మూతులతో మట్టి పెళ్లగించాయి. నల్లన్న రాళ్లు దొర్లించాడు, కొండమ్మ వాటిని తొండంతో సర్ది పేర్చింది. బాతు ముందు కూర్చుని "చాలు, చాలు, ఇంక లోతు వద్దు!" అని అరుస్తూనే ఉంది. కుందేళ్లు కూడా వచ్చాయి. చేతికి అందిన మట్టినల్లా వెనక్కి విసిరాయి.

చివరి మట్టిపెడ్డ మిగిలింది. "ఎవరు తీస్తారు?" అంది కొండమ్మ.

"నేను!" అంది బుడుంగి.

ఒక్క తాపు తన్నింది. నీళ్లు తొంగి చూశాయి. కాలవలోకి పాకాయి. పరుపు రాళ్ల మీద తళతళలాడుతూ, తొందరపడకుండా, కట్ట తెగకుండా, గల గల గల గల కిందికి దిగాయి!

"వస్తున్నాయి! నీళ్లు వస్తున్నాయి!" అని బుడుంగి ఆ నీళ్ల ముందు వరసలో దూకేసింది. నీళ్లతో పాటు తానూ జారుతూ, దొర్లుతూ, కేకలు పెడుతూ లోయ అంతా దిగింది. కాలే గులకరాళ్లు చుయ్‌మన్నాయి. పిట్టలు రివ్వున లేచాయి. గుంట పక్కన చుక్కి పిల్ల వణుకుతున్న కాళ్ల మీద లేచి నిలబడింది. నీళ్లు వచ్చి దాని గిట్టలు తడిపాయి. అది మూతి పెట్టి తాగింది, తాగింది, పొట్ట ఉబ్బేదాకా తాగింది!

బుడుంగి పాత బొరియ ఎండలో పడింది. నిజమే. కానీ కుందేళ్లు ఊరుకుంటాయా? బొరియలు తవ్వడంలో వాటిని మించినవాళ్లు ఎవరు? కొత్త నీటి అంచున బుడుంగికి చల్లటి బొరియ తవ్వి ఇచ్చాయి. పై మడుగులో నీళ్లు కొంత తగ్గినా బాతుల గుడ్లు భద్రంగా ఉన్నాయి. చేపలు కిందికీ వెళ్లాయి, పైనా మిగిలాయి.

వానలు వచ్చాయి. మడుగు నిండింది. ఎక్కువైన నీళ్లు కాలవ దారిన పోయాయి. పైన ఎవరూ మునగలేదు, కింద ఎవరూ కొట్టుకుపోలేదు.

ఆ తర్వాత అడవిలో ఎప్పుడు పెద్ద తగువు వచ్చినా "కొండమ్మ ఏమంటుంది?" అని ఎవరూ అడగలేదు. మోదుగాకులు పట్టుకుని తొర్రల దగ్గరికి పరుగెత్తారు. ఇప్పచెట్ల పూలు ఎవరు ఎప్పుడు ఏరుకోవాలన్న తగువులో తీసిన మొదటి ఆకు ఎవరిదనుకున్నారు? గొంతయ్యది! ఇక చేసేదేముంది, కూర్చోవాలి, అందరి మాటా వినాలి. మొదటి రోజు ఊళ పెట్టకుండా ఉండలేక నోట్లో తోక కుక్కుకుని మరీ కూర్చున్నాడు. రెండో రోజు చీమ వచ్చి మాట్లాడితే, చెవి కిందికి వంచి విన్నాడు.

నీతి: అందరి బతుకుకూ సంబంధించిన మాట ఒక్కరు చెప్పేదీ కాదు, గట్టిగా అరిచినవాళ్లు చెప్పేదీ కాదు, అన్ని వైపులవాళ్లూ కలిసి కూర్చుని, కళ్లారా చూసి, ఒకరి మాట ఒకరు విని చేసుకున్న నిర్ణయమే అందరినీ కాపాడుతుంది.